పిలుపు రాని రోజుల్లోనే కెరీర్ నిలబడుతుంది

ఉద్యోగస్తులకు ఒకటో తారీఖు ఉంటుంది. సినిమా నటికీ, ప్రొఫెషనల్ గోల్ఫర్‌కీ ఆ తారీఖు లేదు. గుమ్మడికాయ కొట్టిన మర్నాడు నటి చేతిలో మరో సినిమా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆదివారం కప్పు గెలిచిన గోల్ఫర్ గురువారానికి మరో ఊళ్లో, మరో మైదానంలో అందరితో పాటు మళ్లీ సున్నా దగ్గర నిలబడాలి. నిన్నటి గెలుపుకు ఇవాళ ఒక్క స్ట్రోకు కూడా కలిసిరాదు.

పైకి చూస్తే ఈ రెండు వృత్తులకూ పోలికే లేదు. ఒకటి లైట్ల మధ్య, మరొకటి పచ్చిక మీద. కానీ ఒక స్త్రీ ఏళ్ల తరబడి అందులో ఎలా నిలబడింది అని వెతికితే రెండు చోట్లా ఒకే సమాధానం దొరుకుతుంది. అందుకే ఈ అధ్యాయంలో వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. మీరు నటి కావాలనుకుంటున్నా, క్రీడాకారిణి కావాలనుకుంటున్నా, జీతం లేని మరే వృత్తిలో ఉన్నా ఈ పాఠాలు మీకు పనికొస్తాయి.

ముందుగా రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి. స్వీడన్‌కు చెందిన అనికా సోరెన్‌స్టామ్ 2002లో అమెరికా మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ల ఎల్‌పీజీఏ టూర్‌లో 23 టోర్నమెంట్లు ఆడి 11 గెలిచారు. మహిళల గోల్ఫ్‌లో అలాంటి ఏడాది చాలా అరుదు. అయినా ఆ ఏడాది పన్నెండుసార్లు కప్పు వేరొకరు తీసుకెళ్లారు. మెరిల్ స్ట్రీప్ 21 సార్లు ఆస్కార్‌కు నామినేట్ అయి మూడుసార్లు గెలిచారు. అంటే పద్దెనిమిదిసార్లు ఆ పురస్కారం వేరొకరి చేతికి వెళ్లింది. అగ్రస్థానంలో ఉన్నవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ వృత్తుల్లో గెలుపు అప్పుడప్పుడూ వస్తుంది. మిగిలినవన్నీ ఎదురుచూపులు, తిరస్కారాలు, సాధనలు. కాబట్టి కెరీర్‌ను గెలుపు రోజుల మీద కట్టకూడదు. పిలుపు రాని రోజుల్లో మీ చేతిలో ఏం ఉంటుందో దాని మీద కట్టాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

1. ముందు ఆ వృత్తిలో డబ్బు ఎలా కదులుతుందో తెలుసుకోండి

కలలు కనేవాళ్లలో చాలామంది ఈ మెట్టు దాటేసి పరుగెడతారు. గోల్ఫ్ సంగతే చూడండి. మామూలుగా టోర్నమెంటు మూడు నాలుగు రౌండ్లు ఉంటుంది. తొలి రౌండ్ల తర్వాత ‘కట్’ పెడతారు. ఆ గీత పైన ఉన్నవాళ్లే చివరిదాకా ఆడతారు, బహుమతి డబ్బు వాళ్లకే. కింద పడినవాళ్లకు సాధారణంగా ఏమీ రాదు. కానీ విమానం టికెట్టు, హోటల్ గది, బ్యాగు మోసే క్యాడీ వేతనం మాత్రం సొంత జేబులోంచే పోతాయి. అంటే ఒక వారం సరిగ్గా ఆడకపోతే ఆదాయం లేకపోవడమే కాదు, ఎదురు నష్టం కూడా. 2022లో అమెరికా మహిళల ఓపెన్ బహుమతి మొత్తం కోటి డాలర్లకు చేరిందన్న వార్త చదివి మురిసిపోతాం. ఆ డబ్బులో వాటా దక్కాలంటే ముందు ఆ టోర్నమెంటులో చోటు దక్కాలి, తర్వాత కట్ దాటాలి.

ఈ వ్యవస్థ కూడా ఎవరో వడ్డించింది కాదు. 1950లో అమెరికాలో 13 మంది మహిళా గోల్ఫర్లు కలిసి ఎల్‌పీజీఏను స్థాపించారు. ఆటతో పాటు మైదానం సిద్ధం చేయడం, నిబంధనలు చూసుకోవడం, ఊరూరా ప్రచారం చేసుకోవడం కూడా వాళ్లే చేసుకునేవారు. ఆడటానికి వేదిక లేనప్పుడు వేదికనే కట్టుకున్న ఆ తరానికి ఇవాళ్టి ప్రతి మహిళా గోల్ఫరూ రుణపడి ఉంది.

సినిమాలో కూడా అంతే. అడ్వాన్సు ఎంత, మిగతా పారితోషికం ఏ దశలో వస్తుంది, కాల్షీట్లు వృథా అయితే ఎవరిది బాధ్యత, డబ్బింగ్‌కూ ప్రచారానికీ ఎన్ని రోజులు ఇవ్వాలి అన్నవి అగ్రిమెంటులో రాసుకోకపోతే నష్టపోయేది కొత్త నటే. నటనకు ముందు ఈ నాలుగు విషయాలూ నేర్చుకోండి. ఎవరిని అడగాలో తెలియకపోతే, మీకంటే అయిదేళ్లు ముందు ఆ దారిలో వెళ్లిన ఆడమనిషిని అడగండి. పెద్ద స్టార్లకంటే ఆమె చెప్పేదే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

2. తలుపు దగ్గరికి సిద్ధపడి వెళ్లండి

బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ అయిదేళ్ల వయసులో గోల్ఫ్ పట్టుకుంది. సాధన కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో. ఐరోపా మహిళల టూర్‌లో ఆడాలంటే అప్పట్లో మొరాకోలో జరిగే అర్హత పోటీ దాటాల్సి ఉండేది. అదితి దాన్ని గెలిచి 2016 జనవరిలో ప్రొఫెషనల్ అయింది. అదే ఏడాది పద్దెనిమిదేళ్లకు రియో ఒలింపిక్స్‌లో ఆడింది. నవంబరులో మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ టూర్‌లో టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. బయటి నుంచి చూసినవాళ్లకు అది ఒక్క ఏడాదిలో జరిగిన అద్భుతం. దాని వెనుక పదమూడేళ్ల సాధన ఉంది.

దీక్షా డాగర్ కథ మరింత గట్టిది. పుట్టుకతోనే వినికిడి లోపం. ఎడమచేతి వాటం. సైన్యంలో కల్నల్‌గా పనిచేసిన తండ్రే తొలి గురువు. వినికిడి లోపం ఉన్నవాళ్ల ఒలింపిక్స్ అయిన డెఫ్లింపిక్స్‌లో గోల్ఫ్ మొదటిసారి చేరిన 2017లో ఆమె రజతం గెలిచింది. 2019లో పద్దెనిమిదేళ్లకే దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ గెలుచుకుంది. టోక్యో ఒలింపిక్స్‌కు ఆమెకు చోటు వచ్చింది చివరి నిమిషంలో, ఒక క్రీడాకారిణి తప్పుకోవడం వల్ల. పిలుపు వచ్చాక సాధన మొదలుపెట్టే వ్యవధి అక్కడ లేదు. సాధన ఆపకుండా ఉంది కాబట్టే పెట్టె సర్దుకుని బయల్దేరగలిగింది. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం కూడా అందుకుంది.

మన పాత తరం నటీమణులకు ఈ అర్హత పోటీ నాటకరంగమే. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలాకే సినిమాకు వెళ్లారు. సి. పుల్లయ్య తీసిన ‘గొల్లభామ’ 1947లో వచ్చి ఆమె పేరు ఇంటింటికీ చేర్చేనాటికి, జనం ముందు నిలబడటం ఆమెకు కొత్త కాదు. మెరిల్ స్ట్రీప్ కూడా యేల్ విశ్వవిద్యాలయపు నాటక విభాగంలో చదివి, రంగస్థలం మీద పనిచేశాకే తెరకు వచ్చారు.

ఇప్పుడు మీ వంతు. మీరు వెళ్లదలచుకున్న తలుపు ఏది? దానికి అర్హత ఏమిటి? ‘అవకాశం వస్తే చూపిస్తాను’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. అవకాశం రేపు పొద్దున్నే వస్తే చూపించడానికి ఇవాళ మీ దగ్గర ఏం ఉందో రాసి పెట్టుకోండి. నటన అయితే మీరు కంఠతా పట్టి, ఏ క్షణాన అడిగినా చేయగల మూడు భిన్నమైన సన్నివేశాలు. గోల్ఫ్ అయితే అధికారిక అమెచ్యూర్ పోటీల్లో మీ స్కోర్లు. తెలుగు నేల మీద గోల్కొండ నయా ఖిల్లా దగ్గరా, విశాఖపట్నంలోనూ మంచి మైదానాలు ఉన్నాయి. దేశంలో మహిళల ప్రొఫెషనల్ టూర్‌ను విమెన్స్ గోల్ఫ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా నడుపుతోంది. దారి ఇరుకే కావచ్చు, కానీ ఉంది.

3. చేజారినదాన్ని ఎంతకాలం మోయాలి?

‘మిస్సమ్మ’ కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. కథానాయికగా ముందు అనుకున్నది భానుమతిని. కొంత షూటింగ్ కూడా జరిగింది. నిర్మాత చక్రపాణితో పొసగక ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. రెండో కథానాయికగా ఉన్న సావిత్రికి ఆ వేషం వెళ్లింది. సావిత్రి వేషం జమునకు వచ్చింది. 1955లో సినిమా విడుదలై సావిత్రిని శిఖరం మీద కూర్చోబెట్టింది.

మనం ఎప్పుడూ ఈ కథను సావిత్రి అదృష్టంగా చెప్పుకుంటాం. ఒకసారి భానుమతి వైపు నుంచి చూడండి. అంతటి పాత్ర చేజారితే మరొకరు కుంగిపోయేవారు. ఆమె కుంగిపోకపోవడానికి ఆత్మాభిమానం ఒక కారణమైతే, అంతకంటే గట్టి కారణం ఆమె చేతిలో ఉన్న పనులు. భర్త రామకృష్ణారావుతో కలిసి నడిపిన నిర్మాణ సంస్థ భరణీ పిక్చర్స్ ఉంది. 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తీసి దర్శకురాలయ్యారు. స్వయంగా పాడగల గొంతు ఉంది. ‘అత్తగారి కథలు’ రాసిన కలం ఉంది. ఒక వేషం పోతే పోయేది ఆ ఒక్క వేషమే.

సావిత్రి వైపు నుంచి చూసినా పాఠం ఉంది. అంతకు అయిదేళ్ల ముందు ‘సంసారం’లో ఆమెను కథానాయికగా అనుకుని, కెమెరా ముందు తడబడటంతో చిన్న పాత్రకు మార్చారు. ఆ అవమానం నుంచి ‘దేవదాసు’ పార్వతి వరకూ మూడేళ్లే. ఆ మూడేళ్లలో వచ్చిన ప్రతి చిన్న వేషాన్నీ ఆమె బడిగా చేసుకున్నారు.

అదితి దగ్గరికి మళ్లీ వెళ్దాం. 2021 ఆగస్టులో టోక్యోలో ఆమె ప్రపంచ ర్యాంకు 200. కొద్ది నెలల ముందే కోవిడ్ వచ్చి బలం తగ్గింది. తల్లి మహేశ్వరి క్యాడీగా బ్యాగు మోస్తుంటే, మూడు రౌండ్లు ముగిసేసరికి రెండో స్థానంలో నిలిచింది. చివరికి ఒక్క స్ట్రోకు తేడాతో పతకం పోయింది, నాలుగో స్థానం మిగిలింది. ఆ శనివారం తెల్లవారుజామున గోల్ఫ్ నియమాలు తెలియనివాళ్లు కూడా టీవీల ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

అంతకంటే పెద్ద దెబ్బ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తగిలింది. చివరి రౌండ్‌కు ముందు ఏడు స్ట్రోకుల ఆధిక్యం. స్వర్ణం మెడలో పడినట్టేనని అందరూ అనుకున్నారు. ఆ రోజు ఆమెకు 77 స్ట్రోకులు పట్టాయి, రజతంతో సరిపెట్టుకుంది. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో భారతీయ మహిళకు అదే తొలి పతకం, అయినా చేజారింది స్వర్ణం. దేశమంతా చూస్తుండగా అలా జారితే మళ్లీ క్లబ్బు పట్టడానికి చేతులు వణకాలి. రెండు నెలలు తిరగకముందే ఆమె స్పెయిన్ ఓపెన్ గెలిచింది.

ఇందులో నేర్చుకోవాల్సింది ‘బాధపడకండి’ అని కాదు. బాధ పడండి. కానీ బాధకు ఒక గడువు పెట్టండి, ఆ గడువు దాటిన మర్నాడు చేయాల్సిన పనిని ముందే నిర్ణయించుకోండి. టూర్ క్యాలెండర్ గోల్ఫర్లకు చేసే మేలు ఇదే. వచ్చే గురువారం మరో టోర్నమెంటు ఉంటుంది. నటికి అలాంటి క్యాలెండర్ ఉండదు కాబట్టి తానే తయారుచేసుకోవాలి. ఆడిషన్‌లో వద్దన్నారా? వచ్చే సోమవారం నాటకం రిహార్సలో, డబ్బింగ్ సాధనో, కొత్త భాష పాఠమో ఏదో ఒకటి తేదీతో సహా రాసి ఉండాలి.

4. చూసే కళ్ల ముందు నిలబడటం

ఈ రెండు వృత్తుల్లోనూ పని అంతా నలుగురి కళ్ల ముందే జరుగుతుంది. గదిలో అద్భుతంగా చేసేవాళ్లు జనం ముందుకు రాగానే బిగుసుకుపోతారు. ఆడపిల్లలకు ఈ భయం మరీ ఎక్కువ, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ వాళ్లు పనితో పాటు కట్టు, బొట్టు, నవ్వు అన్నింటికీ మార్కులు వేయించుకుంటూ పెరుగుతారు.

అనికా సోరెన్‌స్టామ్ చిన్నప్పుడు మహా బిడియస్థురాలు. గెలిస్తే మైకు పట్టుకుని మాట్లాడాలి కదా, ఆ భయంతో చివరి పుట్‌లు కావాలనే తప్పించి రెండో స్థానంలో ఆగిపోయేది. ఆ సంగతి కోచ్‌లు కనిపెట్టారు. రెండో స్థానంలో వచ్చినవాళ్లు కూడా మాట్లాడాల్సిందేనని నియమం పెట్టారు. ఎలాగూ మాట్లాడక తప్పనప్పుడు గెలిచే మాట్లాడదామని ఆ పిల్ల నిర్ణయించుకుంది. ఆ పిల్లే పెద్దయ్యాక ఎల్‌పీజీఏలో 72 టైటిళ్లు, అందులో 10 మేజర్లు, అంటే అతిపెద్ద టోర్నమెంట్లు, గెలిచింది. 2003లో పురుషుల పీజీఏ టూర్ పోటీలో వేలాదిమంది మధ్య ఆడటానికి ఒప్పుకుంది. 58 ఏళ్లలో ఆ పని చేసిన తొలి మహిళ ఆమే. అక్కడ కట్ దాటలేదు, కానీ ఆ ఏడాదే రెండు మేజర్లు గెలిచింది.

ఇదే భయాన్ని 1952లో ఒక హాలీవుడ్ సినిమా కథగా చెప్పింది. పేరు ‘ప్యాట్ అండ్ మైక్’. క్యాథరిన్ హెప్‌బర్న్ అందులో మేటి క్రీడాకారిణి. గోల్ఫ్ మైదానంలో గెలుపు దగ్గరికి వస్తుంది, ఇంతలో కాబోయే భర్త వచ్చి గుంపులో నిలబడతాడు. అతని చూపు పడగానే ఆమె ఆట చెదిరిపోతుంది. ఆ పోటీలో ఆమె ఎదురాడింది ఎవరితోనో తెలుసా? బేబ్ జహారియాస్, తన పాత్రలో తానే. 1932 ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచి, తర్వాత గోల్ఫ్‌కు వచ్చి, ఎల్‌పీజీఏ స్థాపకుల్లో ఒకరైన మహిళ. ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడాది బేబ్‌కు క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. 1954లో తిరిగొచ్చి అమెరికా మహిళల ఓపెన్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచారు.

ఇంట్లోగానీ పనిలోగానీ ఎవరి చూపు పడితే మీ చెయ్యి వణుకుతుందో గుర్తించండి. ఆ మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, మీ మీద ప్రేమ ఉన్నవాడే కావచ్చు. అయినా పోటీ రోజున, ఆడిషన్ రోజున ఆ చూపు అక్కడ ఉండాలో వద్దో నిర్ణయించే హక్కు మీది. ‘నాన్నా, రేపు మీరు రావద్దు, సాయంత్రం వచ్చి అన్నీ చెబుతాను’ అనడం అవిధేయత కాదు. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. టోక్యోలో అదితి పక్కన తల్లి ఉన్నారు, రియోలో తండ్రి ఉన్నారు. వాళ్లు బ్యాగు మోశారు, షాట్ కొట్టింది మాత్రం ఆమె. మీ పిల్లకు మీరు ఉండాల్సిన దూరం అదే.

5. హక్కు మీ పేరున ఉండాలి

హెప్‌బర్న్ జీవితంలో మరో ఘట్టం ఉంది. ఇరవైల్లోనే ఆస్కార్ గెలిచిన ఆమె సినిమాలు వరుసగా పోవడంతో, 1938లో థియేటర్ యజమానుల సంఘం ఆమెను వసూళ్లు రాని తారల జాబితాలో పెట్టింది. ఆమె హాలీవుడ్ వదిలి రంగస్థలానికి వెళ్లారు. 1939లో ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ నాటకంలో నటించారు. అది పెద్ద విజయం. అసలు కీలకం ఏమిటంటే, దాని సినిమా హక్కులు ముందే ఆమె చేతికి వచ్చాయి. కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ వాటిని కొని ఆమెకు ఇచ్చాడు. స్టూడియోలు నాటకం కోసం వస్తే, కథానాయిక తానేనన్న షరతు మీద అమ్మారు. దర్శకుణ్ని ఎంచుకోవడంలోనూ ఆమె మాటే చెల్లింది. వద్దనుకున్న హాలీవుడ్‌కే తన షరతులతో తిరిగి వెళ్లారు. జీవితకాలంలో నాలుగు ఆస్కార్లు గెలిచారు.

మన దగ్గర విజయనిర్మల అదే పని మరో రకంగా చేశారు. ‘పాండురంగ మహాత్మ్యం’లో బాలకృష్ణుడిగా కనిపించిన బాలనటి, పెద్దయ్యాక తెలుగు, మలయాళ, తమిళ చిత్రాల్లో కథానాయిక. కథానాయికల కాలం చిన్నదని తెలుసుకుని కెమెరా వెనక్కి వెళ్లారు. 1973లో మలయాళంలో ‘కవిత’, అదే ఏడాది యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా తెలుగులో ‘మీనా’ తీశారు. మొత్తం 44 చిత్రాలకు దర్శకత్వం వహించి, 2002లో ప్రపంచంలో అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. వేషం కోసం ఒకరి గుమ్మం ముందు నిలబడే స్థితి నుంచి, వేషాలు ఇచ్చే స్థితికి తనను తాను మార్చుకున్నారు.

హక్కు అంటే ఆస్తి ఒక్కటే కాదు, భద్రత కూడా. మలయాళ చిత్రసీమలో మహిళల స్థితిగతుల మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చినప్పుడు, ఎన్నో ఏళ్లుగా గుసగుసలుగా ఉన్నవి కాగితం మీద కనిపించాయి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. షూటింగ్ కూడా పనిచోటే. కొత్తగా చేరే అమ్మాయి ‘ఇక్కడ ఆ కమిటీలో ఎవరున్నారు?’ అని అడగడం పొగరు కాదు. ఆడిషన్ ఎక్కడ, ఎవరెవరు ఉంటారు అని ముందే తెలుసుకోండి, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ ప్రశ్నకే విసుక్కునే చోట మీ ప్రతిభకు విలువ ఉండదు. అక్కడ పోగొట్టుకునేది అవకాశం కాదు, ప్రమాదం.

6. డబ్బును కాపాడటం నేర్చుకోండి

సావిత్రి గురించి రాసేటప్పుడు నా మనసు బరువెక్కుతుంది. ‘మాయాబజార్’లో ఆమె చేసినది ఇవాళ్టికీ నటనకు పాఠ్యపుస్తకం. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు, దాదాపు సాంకేతిక వర్గం అంతా మహిళలతోనే. ఆ సాహసం ఎంత చెప్పినా తక్కువే. కానీ సొంత డబ్బు పెట్టిన సినిమాలు నష్టపోయాయి. పన్నుల చిక్కులు, అప్పులు చుట్టుముట్టాయి. ఏడాదికి పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న వెళ్లిపోయారు. ఆమె దాతృత్వం, ఆమె నమ్మకం ఆమె తప్పులు కావు. ఆమె సంపాదనకు కాపలా కాసే ఏర్పాటు ఆమె చుట్టూ లేకపోవడమే విషాదం.

కాబట్టి మొదటి పారితోషికం నుంచే ఒక పద్ధతి పెట్టుకోండి. విత్తనాల వడ్లను ఎంత ఆకలేసినా దంచుకోని రైతులా, కొంత సొమ్మును ముట్టకుండా పక్కన పెట్టండి. ఏడాది పాటు పని లేకపోయినా ఇల్లు నడిచేంత మొత్తం అలా పోగవ్వాలి. పన్ను కట్టాల్సిన భాగాన్ని వచ్చిన రోజే వేరే ఖాతాలో వేయండి. ఖాతాలు మీ పేరున ఉండాలి, సంతకం మీది కావాలి, లెక్కలు మీకు అర్థం కావాలి. తండ్రి చూసుకుంటున్నా, భర్త చూసుకుంటున్నా, మేనేజరు చూసుకుంటున్నా, నెలకోసారి కూర్చుని పద్దు చదవండి. మీ బాగు కోరేవాళ్లు ఆ అలవాటును మెచ్చుకుంటారు. సొంత ప్రాజెక్టు మీద డబ్బు పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ అది పూర్తిగా పోయినా నిలబడగలిగినంతే పెట్టండి.

7. ఇక్కడ దారి లేకపోతే పక్క ఊళ్లో ఉంటుంది

తెనాలి అమ్మాయి శారదకు తెలుగులో మొదట దొరికినవి ఎక్కువగా హాస్యపాత్రలే. ఆమెలోని గాఢమైన నటిని గుర్తించింది మలయాళం. 1968 నాటి ‘తులాభారం’కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆదూర్ గోపాలకృష్ణన్ తీసిన ‘స్వయంవరం’తో రెండోది. మూడోది తిరిగి తెలుగులోనే, బి.ఎస్. నారాయణ తీసిన ‘నిమజ్జనం’కు. పరాయి భాషలో కష్టపడి నిరూపించుకున్నాక సొంత భాష ఆమెను కొత్త కళ్లతో చూసింది.

కొరియా నటి యూన్ యో జోంగ్ దారి ఇంకా పొడవైనది. 1970 దశకంలో పేరున్న తార. పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లి, నటన వదిలేశారు. కొన్నేళ్లకు కొరియా తిరిగొచ్చారు, తర్వాత విడాకులు, ఇద్దరు కొడుకుల బాధ్యత. చిన్నదా పెద్దదా అని చూడకుండా దొరికిన ప్రతి వేషమూ చేశారు. 2021లో, 73 ఏళ్ల వయసులో ‘మినారి’కి ఆస్కార్ అందుకున్నారు. నటనలో ఆ పురస్కారం పొందిన తొలి కొరియన్ ఆమే. పెళ్లితో, పిల్లలతో విరామం వచ్చిందని కెరీర్ ముగిసిందనుకునే ప్రతి స్త్రీ ఈ జీవితాన్ని గుర్తుపెట్టుకోవాలి. పిల్లల ఫీజుల కోసం చేసిన చిన్న వేషాలు కూడా ఆమె నటనను పదును పెడుతూనే ఉన్నాయి.

8. ఆపడం కూడా మీ నిర్ణయమే కావాలి

మెక్సికో గోల్ఫర్ లొరెనా ఒచోవా 2010లో, 28 ఏళ్లకే, ప్రపంచ నంబర్ వన్‌గా ఉంటూనే తప్పుకున్నారు. కుటుంబానికీ, తన ఫౌండేషన్ పనులకూ సమయం కావాలనుకున్నారు. ఆమె 27 టైటిళ్లు చూసి ఇంకా ఆడాల్సిందని లోకం అంది. కానీ ఎప్పుడు చాలో తేల్చుకోవాల్సింది లోకం కాదు.

దక్షిణ కొరియా గోల్ఫర్ సే రి పాక్ మరో దారి చూపించారు. 1998 అమెరికా మహిళల ఓపెన్ ప్లేఆఫ్‌లో బంతి నీటి అంచున పడితే, బూట్లూ సాక్సులూ విప్పి నీళ్లలో దిగి కొట్టి, చివరికి టైటిల్ గెలిచారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆర్థిక సంక్షోభంలో నలుగుతున్న కొరియాకు ఆ దృశ్యం ధైర్యమిచ్చింది. అది చూసి వేలాది కొరియా ఆడపిల్లలు గోల్ఫ్ పట్టారు. వాళ్లలో ఒకరు ఇన్‌బీ పార్క్. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇన్‌బీ స్వర్ణం గెలిచినప్పుడు కొరియా జట్టు కోచ్ సే రి పాక్. తన ఆట ముగిశాక తనను చూసి ఎదిగిన అమ్మాయిని గెలిపించడం, అంతకంటే సంపూర్ణమైన కెరీర్ ఏముంటుంది?

ఈ వారం మీరు చేయాల్సిన పని

ఒక నోటుబుక్కు తీసుకుని అయిదు పేజీలు కేటాయించండి.

మొదటి పేజీలో, రేపు పిలుపు వస్తే వెంటనే చూపించగలిగినవి రాయండి. ఖాళీ కనిపిస్తే దాన్ని నింపడానికి తేదీ వేయండి.

రెండో పేజీలో, ఏడాది పాటు పిలుపు రాకపోతే చేయగల పనులు రాయండి. మీ ప్రధాన విద్యకు చుట్టమయ్యే పనులైతే మేలు. నటికి డబ్బింగ్, రచన, బోధన. గోల్ఫర్‌కు కోచింగ్, క్రీడా నిర్వహణ, వ్యాఖ్యానం.

మూడో పేజీలో డబ్బు లెక్క. నెల ఖర్చు ఎంత, చేతిలో ఎన్ని నెలలకు సరిపడా ఉంది.

నాలుగో పేజీలో ముగ్గురి పేర్లు. మీ పని బాగాలేనప్పుడు బాగాలేదని చెప్పేవాళ్లు, చెప్పాక కూడా మీ పక్కనే ఉండేవాళ్లు. వాళ్లలో ఒకరైనా అదే వృత్తిలో ఉన్న స్త్రీ కావాలి.

అయిదో పేజీలో మీ పేరున ఉన్నవి. రాసుకున్న కథ, చేసుకున్న అగ్రిమెంటు, దాచుకున్న వీడియోలు, సంపాదించిన ర్యాంకు. ఎవరూ తీసుకోలేనివి మాత్రమే ఇక్కడ రాయండి.

మూడు నెలలకోసారి ఈ పేజీలు తిరగేసి, మారినవాటిని దిద్దండి. మొదటి పేజీ నిండుతుంటే మీ సాధన సాగుతోందని అర్థం. అయిదో పేజీ కూడా నిండుతుంటే మీ కెరీర్ ఒకరి దయ మీద ఆధారపడటం మానేసిందని అర్థం. ఆ పేజీలో ఇవాళ ఒక్కటి కూడా లేకపోతే, రాబోయే మూడు నెలల్లో అక్కడ రాయదగ్గ పని ఏదో ఒకటి ఎంచుకుని, రేపు ఉదయం దానికి మొదటి గంట ఇవ్వండి.